గొడుగు లేని చిగురు

ఆ రోజు తెల్లవారలేదు. రాత్రి కాస్త పలచబడిందంతే. మబ్బు సరస్సు మీదికి ఎంత కిందికి దిగిందంటే, కొండ నడుము దాకా కరిగిపోయి మొదలొక్కటే మిగిలింది. రాత్రంతా ఉత్తరాన్నించి కొట్టిన గాలి పొద్దెక్కేసరికి కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్లీ నైరుతి నుంచి అందుకుంది. గాలి దిక్కు మార్చిందంటే తుఫాను సగమే అయిందని సార్జెంట్ దెల్ఫిన్ మకరాయిగ్‌కి చిన్ననాటి నుంచీ తెలుసు. ఇలాంటి పూట అతని తండ్రి ఇంటికి ఒక పక్క తలుపు తీసి, రెండో పక్కది మూసేవాడు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తే వరి విత్తన కేంద్రం చుట్టూ నీళ్లే. ఊరికి పోయే కట్ట రాత్రే మునిగింది. కట్ట పక్కన నాటిన కొబ్బరి మొక్కల తలలు మాత్రం వరసగా పైకి కనిపిస్తున్నాయి. కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి.

లోపల ఐదుగురు చిక్కుకుపోయారు. జిల్లా పోలీసు తరఫున దెల్ఫిన్. మనీలా నుంచి వచ్చిన పరిశోధక అధికారి ఒర్తేగా. కేంద్రంలో పనిచేసే చిన్న శాస్త్రవేత్త లిగాయా. వంట చేసే ఆలింగ్ సాబెల్. ఐదోవాడు పెపింగ్. యంత్రాలు బాగుచేసే కుర్రవాడు. అతని కుడి చెయ్యి వంటింటి కిటికీ ఊచకి బేడీతో కట్టేసి ఉంది.

ఈ కేంద్రాన్ని నడిపే డాక్టర్ హిలారియా బోన్సోల్, గింజలు దాచే చల్లగదిలో గడ్డకట్టి చనిపోయి కనిపించింది మొన్ననే. బయట గొళ్లెం పడి ఉంది. లోపలివైపు తలుపు తీసే కడ్డీ లేదు. ఆ కడ్డీ పెపింగ్ పనిముట్ల పెట్టెలో దొరికింది. ఒర్తేగాకి అంతకంటే ఇంకేం అక్కర్లేకపోయింది. దారి తెరుచుకోగానే పెపింగ్‌ని మనీలా తీసుకుపోతానన్నాడు. అక్కడికి వెళ్లిన మనిషికి విచారణ మొదలయ్యేసరికే ఏళ్లు గడిచిపోతాయి. పెపింగ్ భార్యకి నేడో రేపో కాన్పు.

"ఊరికే కూర్చుని అడగడమెందుకు, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా," అంటూ ఆలింగ్ సాబెల్ వెల్లుల్లి గిన్నె తెచ్చి దెల్ఫిన్ ఒళ్లో పెట్టింది.

దెల్ఫిన్ ఒలవడం మొదలుపెట్టాడు.

"మళ్లీ మొదట్నించీ చెప్పు పెపింగ్."

"ఎన్నిసార్లు చెప్పాలి సార్?"

"నా బుర్రకి ఎక్కేదాకా. అది కాస్త మెల్లగా నడుస్తుంది."

పెపింగ్ కిటికీకి తల ఆనించాడు. "కాపలా తాసియో వాళ్లమ్మ పోయింది కదండీ. శవం దగ్గర జాగారానికి డాక్టరమ్మ తప్ప కేంద్రం వాళ్లందరం వెళ్లాం. ఎనిమిదికి జపమాల ప్రార్థన అయిపోయింది. అవగానే లేచాను."

"లేచి?"

"ఇక్కడికొచ్చా. గేటు దగ్గర కాపలా గదిలో కూర్చున్నా. గంటసేపుంటాను. తర్వాత ఇంటికెళ్లా."

"నీ ఇల్లెక్కడ?"

పెపింగ్ జవాబు చెప్పేలోపే వెనకనుంచి ఒర్తేగా గొంతు వినబడింది. "చావింటికి రెండు సందుల అవతల!" అతను వసారాలోంచి లోపలికొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. బూట్లు చేత్తో పట్టుకున్నాడు. "రెండు సందులు, మకరాయిగ్. అది వదిలేసి, ఆ వానలో ఇంత దూరం వచ్చి, చీకట్లో ఒంటరిగా కూర్చున్నాడట. ఎందుకయ్యా అంటే, చావుని దులుపుకోవడానికట!"

"ఇంట్లో నిండు చూలాలుంది సార్," అన్నాడు పెపింగ్. "చావింటి నుంచి తిన్నగా ఎలా వెళ్తాను? చావు నీడ వెంటొస్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగొద్దూ? కొట్లన్నీ మూసేశారు. కాపలా గదే తెరిచి ఉంది."

"మనీలాలో మేమూ ఆగుతాం. ఒక కాఫీ తాగుతాం. ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటాం. పెళ్లాం దగ్గరికి తొందరగా పోవడం ఇష్టంలేని ప్రతివాడికీ ఇదొక సాకు."

పొయ్యి ఊదుతున్న ఆలింగ్ సాబెల్ తలెత్తింది. "తమరికి పెళ్లయిందా సార్?"

"లేదు."

"అదీ సంగతి," అని మళ్లీ ఊదుకుంది.

దెల్ఫిన్ వెల్లుల్లి పొట్టు ఊదాడు. "కడ్డీ సంగతి చెప్పు."

"మర అరిగిపోయి జారిపోతోందని నేనే విప్పాను. కొత్తది వచ్చేదాకా, లోపలికెళ్లేటప్పుడు తలుపు కింద చెక్క పెట్టుకోమని డాక్టరమ్మకి చెప్పాను. పొలం పెద్ద మాంగ్ కనోర్‌కీ చెప్పాను. ఇక్కడందరికీ తెలుసు. చెక్క తీస్తే చాలు సార్, తలుపు దానంతటదే పడుతుంది, గొళ్లెం దానంతటదే పడుతుంది."

"ఆ పెట్టె ఇలా తెండి," అన్నాడు దెల్ఫిన్.

ఒర్తేగా సాక్ష్యంగా పట్టుకున్న పనిముట్ల పెట్టె బల్ల మీదే ఉంది. దెల్ఫిన్ మూత తీశాడు. పట్టకారు మీద గాలం, గాలానికి చిక్కుకున్న జపమాల, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, రకరకాల మేకులు ఒకే కుప్పగా, ఆ కుప్ప అడుగున కడ్డీ. దెల్ఫిన్ చాలాసేపు దాన్ని చూసి మూత వేశాడు.

"నీ పెళ్లాం ఏమీ అనదా?"

"రోజూ అంటుంది సార్," అన్నాడు పెపింగ్. మొన్నటి నుంచి మొదటిసారి అతని మూతి కాస్త వంగింది. నవ్వు మాత్రం రాలేదు.

*

గింజల గది నారు పెంచే వలపందిరి పక్కనే ఉంది. దెల్ఫిన్ ముందు గది తలుపు చూశాడు. జానెడు మందం. కడ్డీ ఉండాల్సిన చోట వేలు పట్టేంత కంత. తలుపు కింద పెట్టే చెక్క పక్క గోడ మేకుకి, తాడు ముడితో వేలాడుతోంది.

"శవం దొరికినప్పుడూ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది," అంది లిగాయా. "తలుపు తీసింది నేనే."

దెల్ఫిన్ లోపలికి వెళ్లాడు. "ఒకసారి వేసెయ్యండి."

"ఏమిటీ?" అన్నాడు ఒర్తేగా.

"తలుపు. వేసి, పిలిచినప్పుడు తియ్యండి."

తలుపు పడింది. గొళ్లెం పడిన చప్పుడు లోపలికి వినబడలేదు, అరికాళ్లకి తెలిసింది. కరెంటు లేక గది చలి సగం విరిగింది. అయినా ఊపిరి ముక్కులోకి సూదిలా దిగుతోంది. చీకటి ఎంత దట్టమంటే కళ్లు మూసినా తెరిచినా ఒకటే. బయట అంత తుఫాను ఉంటే ఇక్కడ గాలి చప్పుడే లేదు. దెల్ఫిన్ తలుపు తడిమాడు. కంత దొరికింది. దాని అంచుల్లో ఏదో విరిగి ఇరుక్కుని ఉంది. గోటితో గీకితే చేతిలోకి వచ్చింది. పెన్సిల్ ముక్క. ఆవిడ దాన్ని దూర్చి గొళ్లెం కదపాలని చూసిందన్నమాట. విరిగాక ఏం చేసి ఉంటుంది? అతను అరచెయ్యి తలుపుకి ఆనించి ఊరుకున్నాడు. ఆవిడ కూడా ఇలాగే ఆనించి ఉంటుంది. అవతల మనిషి ఉన్నాడో వెళ్లిపోయాడో తెలియకుండా.

"తియ్యండి!" అన్నాడు.

ఎవరూ తియ్యలేదు. మళ్లీ పిలిచాడు. పిడికిలితో గుద్దాడు. చొక్కా లోపల చెమట పట్టింది, ఆ చలిలో.

తలుపు తెరుచుకుంది. ఒర్తేగా గొళ్లెం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. "ఒక్క పిలుపూ వినబడలేదు. మీకు తెలియాలనే ఆగాను. ఆవిడ ఎంత అరిచినా గేటు దగ్గర ఉన్నవాడికి వినబడదు. కాబట్టి వీడు వినలేదని చెబితే నమ్మొచ్చు. మూయలేదని చెబితే మాత్రం నమ్మను. గది లోపలి చలి కొలిచే మీటరు ప్రకారం, అందాకా తెరిచి ఉన్న తలుపు ఎనిమిదిన్నర ప్రాంతంలో మూశారు. ఆ సమయానికి ఈ ఆవరణలో ఉన్నానని ఒప్పుకుంటున్నవాడు పెపింగ్ ఒక్కడే."

"ఒప్పుకుంటున్నవాడు," అన్నాడు దెల్ఫిన్.

అతను మేకు నుంచి చెక్క తీసి చేతిలో తిప్పాడు. "కంగారులో ఉన్నవాడు దీన్ని కాలితో తన్నేస్తాడు. అక్కడే పడి ఉంటుంది. ఈ పని చేసినవాడు వంగి తీసి, తెచ్చి మేకుకి తగిలించాడు."

"వేలిముద్రలు తుడిచి ఉంటాడు."

"తుడిచి పారెయ్యొచ్చుగా. ఇది ఆలోచించి చేసిన పని కాదు. చేతికి అలవాటైన పని. మీరా కుర్రాడి పెట్టె చూశారు. వాడు పుట్టాక ఒక్క వస్తువైనా తీసిన చోట పెట్టి ఉంటాడా?"

ఒర్తేగా నవ్వాడు. "మేజిస్ట్రేటు ముందు నిలబడి, నా ముద్దాయి శుభ్రంలేనివాడు కాబట్టి నిర్దోషి అని చెబుతారా? చెప్పండి. నేను మొదటి వరసలో కూర్చుంటాను."

దెల్ఫిన్ చెక్కని మళ్లీ మేకుకి తగిలించి, వలపందిరిలోకి నడిచాడు.

గాలికి వల ఉబ్బి లోపలికి పీల్చుకుంటోంది. బల్లల మీద నారు పళ్లేలు. ఒక పళ్లెం ముందు అతని కాళ్లు ఆగిపోయాయి. ఆ నారు కింది ఆకులు మామూలుగా పచ్చగా ఉన్నాయి. పైకి వచ్చిన ఆకు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వంగి చూస్తే అంచున లేత గులాబీ జీర. పుట్టి బుద్ధెరిగాక వరిని చూస్తున్నాడు గాని, ఇలా పచ్చటి ఒంటికి తెల్లటి తల ఉన్న వరిని చూడలేదు.

"నీళ్లు తక్కువైతే పసుపెక్కుతుంది. ఎండ లేకపోతే పాలిపోయి సాగుతుంది. ఇదేమిటమ్మా?"

"గడ్డి మందు," అంది లిగాయా. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. చెప్పే పని దొరికినందుకు గొంతు కాస్త నిలదొక్కుకుంది. "ఆకులో పచ్చరంగు ఒక్కటే ఉండదు సార్. దాని వెనక పసుపు, నారింజ రంగులుంటాయి. కారెట్‌లోనూ పండిన మామిడిలోనూ ఉండే రకమే. పచ్చరంగు ఎండని పట్టుకుంటుంది. ఎండ మరీ ఎక్కువైతే ఈ పసుపు రంగులు కాస్తాయి. గొడుగు పట్టినట్టు."

"గొడుగు లేకపోతే?"

"పట్టుకున్న ఎండే పచ్చరంగుని కాల్చేస్తుంది. ఆకు తెల్లబడుతుంది. ఆ గొడుగు అల్లే పనివాళ్లు ఆకులో వరసగా ఉంటారు. ఒకడు చేసింది ఇంకొకడు అందుకుంటాడు. ఎంజైములంటాం వాళ్లని. అందులో ఒకడి పేరు ఫైటోయీన్ డీశాచురేజ్. ఈ మందు పోయి వాడి చేతులు కట్టేస్తుంది. గొడుగు సగంలో ఆగిపోతుంది."

"మరి కింది ఆకులు పచ్చగానే ఉన్నాయే?"

"అవి మందు కొట్టకముందే పుట్టాయి. వాటి గొడుగులు అప్పటికే అల్లి ఉన్నాయి. మందు తగిలాక పుట్టిన చిగురుకే ఉండదు."

దెల్ఫిన్ తెల్లటి ఆకుని వేళ్ల మధ్య పట్టుకుని వదిలాడు. "డాక్టరమ్మ చేసిందేమిటి?"

"మందుకి లొంగని పనివాడున్న వరిని వెతికింది. ఏళ్ల తరబడి. దొరికింది. పొలమంతా ఈ మందు కొడితే గడ్డి తెల్లబడి చస్తుంది, ఆ వరి పచ్చగా నిలబడుతుంది. ఈ పళ్లెంలో ఉండాల్సింది అదే." లిగాయా పళ్లేన్ని కాస్త పక్కకి జరిపింది. "ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చి చూసేసరికి ఇలా తెల్లబడి ఉంది. అంటే సంచిలో గింజ మారిపోయింది. ఎవరో అసలుది తీసుకుని మామూలుది పోశారు. ఆవిడ తాళంచెవి తీసుకుని గింజల గదివైపు వెళ్లింది. నేను జాగారానికి పోయాను. నాతో రమ్మని అడగనైనా లేదు."

"రెండు గింజలూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుందా?"

"నాకే తెలియదు సార్. మొలకెత్తించి మందు కొట్టాల్సిందే. తెల్లబడితే మామూలుది. పచ్చగా ఉంటే మాది."

"ఆ మందు కొట్లో దొరుకుతుందా?"

"ఎక్కడా దొరకదు. మా పరీక్షల కోసమే చేసి పంపారు. అల్మారాలో ఉంటుంది. సీసాలో కాస్త తగ్గినట్టే ఉంది."

దెల్ఫిన్ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "అయితే దొంగ కూడా కొట్టి చూసుకునే ఉంటాడు. తను తెచ్చుకున్నది అసలుదో కాదో తెలియొద్దూ? ఎక్కడో ఒక పెరట్లో."

"పెపింగ్ పెరడు వెతికిద్దాం," అన్నాడు ఒర్తేగా.

"వాడికి పెరడెక్కడిది? మేడ మీద అద్దె గది."

"పూలకుండీ చాలు," అని ఒర్తేగా గొడుగు విప్పాడు. గాలి దాన్ని వెంటనే తిరగేసింది.

*

పడవ చప్పుడు ముందు ఆలింగ్ సాబెల్‌కి వినబడింది. కాలవ మీదుగా, కొబ్బరి తలల పక్కనుంచి తెడ్డు వేసుకుంటూ ఒక మనిషి వస్తున్నాడు. గడ్డి టోపీ, భుజాన గోనె.

"మాంగ్ కనోర్!" అని ఆమె కేకేసింది. "ఈ గాలిలో ఎవరైనా బయల్దేరతారా?"

"నువ్వు మాడ్చిన అన్నం తిని చాలా రోజులైంది, ఉండబట్టలేకపోయా!"

మాంగ్ అని అందరూ మన్నించి పిలిచే కనోర్ ఈ కేంద్రంలో పొలం పనులన్నీ చూసే పెద్ద. దున్నడం నుంచి గింజ ఆరబెట్టడం దాకా అతని చేతి మీదుగానే జరగాలి. దెల్ఫిన్ పెద్ద కూతురికి జ్ఞానస్నానంలో నూనె పూసినప్పుడు ఎత్తుకున్న మనిషి. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరికొకరు కుంపారే, పిలుపులో పారే. రక్తం పంచుకున్న అన్నదమ్ములైనా విడిపోతారు గాని ఈ వరస తెగదు.

"పారే!" అంటూ కనోర్ దెల్ఫిన్ భుజం మీద తడి చెయ్యి వేశాడు. "కూతురెలా ఉంది? పెళ్లి సంబంధాలు చూస్తున్నావా, పోలీసులో చేరుస్తున్నావా?"

ఒర్తేగా కనుబొమ్మలెత్తాడు. "ఈ జిల్లాలో మీకు చుట్టం కానివాడు ఎవరైనా ఉన్నారా మకరాయిగ్?"

"మీరున్నారుగా," అన్నాడు దెల్ఫిన్.

కనోర్ గోనె ఆలింగ్ సాబెల్ చేతికిచ్చాడు. "చేపలు నావి. ఆకుకూర మూట కోడలు కట్టింది. ఏం కోసిందో నేను చూడలేదు. పదిమంది తినేచోటికి చేతులూపుకుంటూ పోతావా మామయ్యా అని పడవెక్కుతుంటే ఆపి పడేసింది." మాట్లాడుతూనే నేల మీద పడి ఉన్న కొబ్బరి గీరే కత్తిని వంగి తీశాడు. తుడిచాడు. గోడమేకుకి తగిలించాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

దెల్ఫిన్ ఆ మేకువైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. వస్తువుని ఉన్నచోట పెట్టేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఈ కేంద్రంలో అందరికీ ఆ అలవాటు నేర్పినవాడే కనోర్. ఒక్క పెపింగ్‌కి తప్ప.

కనోర్ కిటికీ దగ్గరికి వెళ్లి పెపింగ్ తల నిమిరాడు. పెపింగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇద్దరూ వసారాలోకి వచ్చి చుట్ట ముట్టించుకోబోయారు. గాలి ముట్టించనివ్వలేదు.

"నీ పొలం ఎలా ఉంది?" అన్నాడు దెల్ఫిన్.

"పొలమెక్కడుంది పారే? పోయిన కారు పంట సగం గడ్డే తినేసింది. నాకూ నా ముసల్దానికీ ఒంగి కలుపు తీసే నడుములు లేవు. పిల్లలు దుబాయిలో." కనోర్ నీళ్లవైపు ఉమ్మాడు. "ఇక్కడ చూడు, గడ్డి మందుకి చావని వరి. నా చేతుల్లో నారైంది, నా చేతుల్లో గింజైంది. ఒక్క దోసెడు ఇయ్యి డాక్టరమ్మా అంటే, అనుమతి రాలేదు, పదేళ్లాగు అంది. పదేళ్లకి నేనెక్కడుంటాను?" టోపీ మీది నీళ్లు దులిపాడు. "పోన్లే. పోయిన మనిషి."

"జాగారం రోజు నువ్వు ఎప్పుడు లేచావ్?"

"ప్రార్థన అవగానే. ఎనిమిదికి అనుకుంటా. నడుం నొప్పి."

"లేచి?"

"తిన్నగా ఇంటికి."

"తిన్నగానా?"

"ఆ వానలో ఇంకెక్కడికి పోతాను?"

దెల్ఫిన్ ముట్టని చుట్టని వేళ్ల మధ్య తిప్పాడు. "మనవడికి ఎన్నాళ్లు?"

"నెల కూడా నిండలేదు. అచ్చం నా ముక్కే."

దెల్ఫిన్ తల్లి పోయినప్పుడు ఈ మనిషి మూడు రాత్రులూ జాగారం చేశాడు. మూడు రాత్రులూ, అంత పొద్దుపోయాక, ఊరి చివర రొట్టెల దుకాణం దాకా చుట్టు తిరిగి నడిచి, అక్కడ అరుగు మీద కూర్చుని లేచి, అప్పుడు ఇంటికెళ్లాడు. అప్పుడతనింట్లో చంటిపిల్ల లేదు, చూలాలు లేదు. ఉన్నదల్లా ఈనబోయే పంది. దానికి చావు నీడ తగలకూడదని.

అలాంటివాడు నెల నిండని మనవడున్న ఇంటికి తిన్నగా పోడు. ఎక్కడో ఆగాడు. ఆగిన చోటు చెప్పడం లేదు. కాలవ గట్టున వస్తే, ఇక్కడికి గేటు దాటకుండానే రావచ్చు.

కానీ దీన్ని ఒర్తేగాకి చెబితే ఏమంటాడు? పద్ధతి పాటించానన్న కుర్రాణ్ని నేను నమ్మలేదు, పాటించలేదన్న ముసలాణ్ని మీరు నమ్మడం లేదు, ఇదేనా మీ పరిశోధన అంటాడు. చెప్పకపోతే పెపింగ్ పోతాడు. చెబితే పోయేది, తన బిడ్డని చేతుల్లో ఎత్తుకున్న మనిషి. చుట్టూ నీళ్లు. దెల్ఫిన్‌కి మళ్లీ ఆ గదిలో ఉన్నట్టనిపించింది, అరచెయ్యి తలుపుకి ఆనించి.

ఒర్తేగా వసారాలోకి వచ్చాడు. "ఆ పడవలో ఎంతమంది పడతారు?"

"ముగ్గురు," అన్నాడు కనోర్.

"చాలు. గాలి తగ్గుముఖం పట్టింది. భోజనం కాగానే మీరు నన్నూ పెపింగ్‌నీ పెద్దరోడ్డు మీద దింపాలి."

కనోర్ ముట్టని చుట్టని జేబులో పెట్టాడు. "నేనా?"

"పడవ మీదేగా?"

"నాదే," అన్నాడు కనోర్. అతని గొంతు వానకి తడిసినట్టుంది. "దింపుతాను."

*

వంటింట్లో పొడుగు బల్ల మీద అన్నం పొగలు కక్కుతోంది. చింతకాయల పులుసులో చేపలు. వెల్లుల్లి వాసన. అందరూ కూర్చున్నారు. పెపింగ్‌ని కిటికీ దగ్గర స్టూలు మీదే కూర్చోబెట్టి, కంచం ఒళ్లో పెట్టారు.

"కుడిచెయ్యి విప్పండి," అన్నాడు దెల్ఫిన్. "ఎడంచేత్తో ఎలా తింటాడు?"

"పడవెక్కేటప్పుడు విప్పుతాను. నా ముద్దాయి, నా బేడీ," అన్నాడు ఒర్తేగా. తాళంచెవి అతని చొక్కా జేబులో ఉంది.

పెపింగ్ ఎడంచేత్తో అన్నం కలపబోయాడు. సగం మెతుకులు కిందపడ్డాయి. ఎవరూ అటు చూడలేదు.

ఆలింగ్ సాబెల్ గిన్నెలోంచి గరిటెతో ఒక్కొక్కరికీ పోస్తూ వచ్చింది. "మీ కోడలు ఈ తూటికూర ఎక్కడ కోసిందో గాని మాంగ్ కనోర్, చిగుళ్లన్నీ మల్లెమొగ్గల్లే తెల్లగా ఉన్నాయి. ఎండ మొహం చూడక కాబోలు. లేతగా ఉన్నాయి కదా అని పారెయ్యకుండా వేసేశాను."

"మా పెరటి గుంటలోదేగా," అన్నాడు కనోర్. అన్నాక, అతని నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఆలింగ్ సాబెల్ గిన్నె దించి తన కంచం ముందు కూర్చుంది.

దెల్ఫిన్ కంచంలోకి చూశాడు. పులుసులో ఒక తీగ. కింది ఆకులు ఉడికి నల్లటి పచ్చగా ఉన్నాయి. పై ఆకులు, చిగురు, తెల్లగా. ఎండ లేక పాలిపోయిన తీగ సన్నగా సాగుతుంది, పసుపు తిరుగుతుంది, కింది ఆకుల్ని కూడా పాడుచేసుకుంటుంది. ఇది సాగలేదు. గట్టిగా, పొట్టిగా ఉంది. ఒక రోజు దాకా గొడుగు ఉండి, ఆ రోజు తర్వాత లేకుండా పోయిన తీగ. పెరట్లో నారు మీద మందు కొట్టి సీసా కడిగితే, ఆ నీళ్లు తూటికూర గుంటలోకి పారాయి.

ఎదురుగా లిగాయా చెంచా గాల్లో ఆగిపోయింది. ఆమె తన కంచం వైపు చూసింది, కనోర్ వైపు చూసింది, చెంచా కింద పెట్టి రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది. ఒర్తేగా ఆమె మొహం చూశాడు. తన ఫోర్కుతో పులుసులోంచి ఒక తెల్ల చిగురు పైకెత్తాడు. వలపందిరిలో చూసిన పళ్లెం అతనికి గుర్తు రావడం దెల్ఫిన్‌కి కనబడింది. ముందు కనుబొమ్మల మీద, తర్వాత మెడ మీద ఎర్రగా.

దెల్ఫిన్ బల్ల మీదుగా చెయ్యి చాచాడు. అరచెయ్యి పైకి.

ఒర్తేగా ఆ చేతిని చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, అందులో పెట్టాడు.

దెల్ఫిన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బేడీ విప్పాడు. పెపింగ్ మణికట్టు మీద ఎర్రటి వలయం. కుర్రాడు ఎందుకో తెలియక అందరి మొహాలూ చూసి, ఎవరూ చెప్పకపోయేసరికి, కంచం తీసుకుని బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కుడిచేత్తో అన్నం కలిపాడు. తొందర తొందరగా తినసాగాడు.

దెల్ఫిన్ తన చోటుకి తిరిగొచ్చి, తెరిచిన బేడీని బల్ల మీద పెట్టాడు. అన్నం గిన్నెకీ కనోర్ కంచానికీ మధ్య.

కనోర్ దానివైపు చూడలేదు. తన కంచంలోని తెల్ల చిగురుని వేళ్లతో తీసి, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం చాలాసేపు పట్టింది. ఒకసారి కళ్లెత్తి దెల్ఫిన్‌ని చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వే కనిపెట్టావా అన్నట్టుంది, అంతే.

ఇక్కడ తింటున్న మనిషిని బల్ల మీదనుంచి లేపరు. దొంగైనా, అప్పులవాడైనా, కంచం ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. ఒర్తేగాకి కూడా అది తెలుసు. ఫోర్కు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. దెల్ఫిన్ ముద్ద కలిపాడు. తిన్నాడు. బయట రేకుల మీద వాన మళ్లీ ఎత్తుకుంది. గుమ్మం దాకా వచ్చిన నీళ్లలో పడవ కొట్టుకుని, గోడకి తగులుతోంది, వదులుతోంది.

కనోర్ కంచంలో ఇంకొక్క ముద్దే మిగిలింది. దాన్ని తిన్నాడు. చెయ్యి చాచి, బేడీని మోచేత్తో కాస్త పక్కకి జరిపి, అన్నం గిన్నెలోంచి ఇంకో గరిటె పెట్టుకున్నాడు.